ఇసుకకు మాఱేది?

అమరావతిలో క్వాంటము గణకయంత్రము నొకదానిని స్థాపింప నిశ్చయించినట్లు ఐ.బి.యమ్., టి.సి.యస్. సంస్థలును ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారును 2025 మే నెలలో ప్రకటించినది మొదలు, మన పట్టణముల పఠనమందిరములందు ఒక ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. సిలికాను యుగము ముగిసినదా యని. అడుగువారిలో పట్టభద్రులు గలరు, వర్తకులు గలరు, కుమారుని ఇంజనీరింగు కళాశాలలో ఏ శాఖయందు జేర్పింపవలెనో తెలియక తికమకపడు తండ్రులును గలరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు, యంత్రము రాకమునుపే లోయకు పేరు పెట్టితిమని నవ్వువారును లేకపోలేదు. నవ్వుట సులభము; ఉబ్బిపోవుటయు సులభమే. ఈ రెండు సులభమార్గములను విడిచి విషయమేమో విచారింతము.

మొట్టమొదట ఒక పొరపాటభిప్రాయమును తొలగింపవలసి యున్నది. సిలికాను సర్వోత్తమమైన పదార్థ మగుటచేతనే గెలిచినదని పెక్కురు తలంతురు. అది నిజము కాదు. 1947 డిసెంబరులో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో బార్డీను, బ్రాటెయినులు నిర్మించిన తొలి ట్రాన్సిస్టరు జర్మేనియముతో చేయబడినది. జర్మేనియములో విద్యుత్కణములు సిలికానునందుకంటె చురుకుగా పరుగెత్తును. అది తక్కువ వేడిమికే కరగును గనుక దానిని శుద్ధిచేయుట సులువు. సిలికానో, 1,414 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి గాని కరగదు. కరగిన పిదప తానున్న పాత్రనే కొఱికి తినును. కావున తొలినాళ్లలో జర్మేనియమే రాజ్యమేలినది.

అయితే ఆ రాజ్యమున కొక బలహీనత యుండెను. వేడి సోకగానే జర్మేనియము పనిచేయుట మానును. 1954 లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థకు జెందిన గోర్డన్ టీల్ ఒక విద్వత్సభలో గ్రామఫోను వాయించుచు, దానిలోని జర్మేనియము ట్రాన్సిస్టరును కాగుచున్న నూనెలో ముంచెను. పాట యాగిపోయెను. సిలికాను ట్రాన్సిస్టరును దగిలించి అదే నూనెలో ముంచెను. పాట సాగుచునే యుండెను. సభికులు లేచి టెలిఫోనులకై పరుగులు దీసిరని చెప్పుదురు. కాని సిలికానును సింహాసన మెక్కించినది ఈ యోర్పు మాత్రమే కాదు. దానిని ఆవిరిలో నుంచి వేడిచేసినచో పైని ఒక సన్నని పొర యేర్పడును. గాజువంటి ఆ పొర నీట కరగదు, విద్యుత్తును పోనీయదు, క్రింది స్ఫటికమును కవచమువలె గాపాడును. జర్మేనియముమీద నేర్పడు పొర నీట కరగిపోవును. ఫెయిర్‌చైల్డు సంస్థలో హోయర్ని 1959 లో ఈ పొర నాధారముగా గొని సమతల నిర్మాణపద్ధతిని గల్పించెను. ఆ కాలముననే బెల్ ప్రయోగశాలలో అటాలా, కాంగ్ అనువారు నేటి చిప్పులన్నిటికిని మూలమైన ట్రాన్సిస్టరును నిర్మించిరి. లోకములో ఇనుమును తుప్పు చెఱచుట చూచుచున్నాము. సిలికానును మాత్రము దాని తుప్పే రాజును జేసినది.

ఇంత పాతకథ యెందుకని చదువరులు విసుగుకొనవచ్చును. కారణ మున్నది. క్రొత్త పదార్థమొకటి వచ్చినదని వినినప్పుడెల్ల మనము దాని వేగమును గూర్చియే యడుగుదుము. అంతకుముందు అడుగవలసిన ప్రశ్నలు వేఱుగా నున్నవి. దానిమీద పొర యెట్లు నిలుచును? దానికి తీగ యెట్లు అతుకును? కోటి ముక్కలను ఒక్కరీతిగా జేయవచ్చునా? చేసిన వానిలో వేయింటికి ఒకటి చెడిన యెడల మిగిలినవి యేమగును? వేగముగా బోవు పదార్థములు సిలికాను పుట్టుకనాడే యుండెను. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పినది అదొక్కటియే.

భూమి పైపొరలో బరువున నాలుగవ వంతుకు పైగా సిలికానే యున్నది. మన గోదావరి యిసుకతిన్నెలలో గావలసినంత గలదు. అందుచేత అది చౌకయని భ్రమపడరాదు. చిప్పులకు బనికివచ్చు సిలికానులో నూఱుకోట్ల పరమాణువులకు ఒక్కటి మాత్రమే అన్యపరమాణువు ఉండవచ్చును. అంతటి శుద్ధి చేయుటకును, ఆ స్ఫటికముపై రూపులు చెక్కుటకును ప్రపంచము డెబ్బదియేండ్లు శ్రమించినది. అత్యంత సూక్ష్మమైన రూపులను అతినీలలోహిత కిరణములతో ముద్రించు యంత్రములను నేడు చేయగలిగినది హాలండు దేశమందలి ఏ.యస్.యమ్.ఎల్. అను సంస్థ యొక్కటియే. ఇసుక అందఱిది, చేతిపని కొందఱిది. ఈ సంగతి మఱచి ప్రత్యామ్నాయములను గూర్చి మాటాడుట వ్యర్థము.

ఇక సిలికానునకు వచ్చిన చిక్కేమి? ఒక్క చిప్పుమీద బట్టు భాగములసంఖ్య యేటేట రెట్టింపగుచున్నదని గోర్డన్ మూరు 1965 లో వ్రాసెను. పదేండ్లకు, 1975 లో, ఆ గడువును రెండేండ్లకు సవరించెను. ఇంటెలు సంస్థ 1971 లో వెలువరించిన 4004 అను చిప్పులో 2,300 ట్రాన్సిస్టరు లుండెను. ఎన్విడియా సంస్థ 2024 లో ప్రకటించిన బ్లాక్‌వెల్ అను దానిలో రెండు ముక్కల నొక్కటిగా గూర్చి 20,800 కోట్ల ట్రాన్సిస్టరులను బొదిగిరి. సంఖ్య పెరుగుట యాగలేదు. ఆగినది వేగము. ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది దానికి గావలసిన విద్యుత్తు కూడ ఆ నిష్పత్తినే తగ్గునని 1974 లో డెన్నార్డు చూపెను. ఆ సూత్రము నమ్మియే ముప్పదియేండ్లు యంత్రముల వేగము పెంచుచు వచ్చిరి. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి పదేండ్లలో ఆ సూత్రము పట్టుదప్పెను. అతిసన్నని పొరలగుండ విద్యుత్తు కాఱిపోవ నారంభించెను, చిప్పులు నిప్పుకణములైనవి. ఇంటెలు సంస్థ 4 గిగాహెర్ట్జుల పెంటియము చిప్పును తలపెట్టి 2004 లో విరమించుకొనెను. నాటినుండి నేటివఱకు సామాన్య గణకయంత్రముల వేగము ఆ చుట్టుపట్లనే తచ్చాడుచున్నది.

ఇచట అంగడిమాటల నొక్కటి విప్పిచెప్పుట మంచిది. మూడు నానోమీటర్ల చిప్పు, రెండు నానోమీటర్ల చిప్పు అని ప్రకటనలలో జదువుచున్నాము. ఆ చిప్పులలో ఏ భాగమును మూడు నానోమీటర్లు ఉండవలెనని లేదు. అది వస్త్రములకు బెట్టు పేరువంటి వ్యాపారనామము. ఒక ట్రాన్సిస్టరు ద్వారమునుండి ప్రక్క ట్రాన్సిస్టరు ద్వారమునకు గల యెడము వానిలో నలువది నానోమీటర్లకు పైనే యున్నది. అయినను హద్దు దగ్గరపడుచున్న మాట నిజము. సిలికాను స్ఫటికములో ఒక గడి సుమారు అర నానోమీటరు. నాలుగైదు గడుల మందమునకు దానిని పలుచన చేసినచో ఉపరితలపు గఱుకుదనమునకే విద్యుత్కణములు తట్టుకొని కుంటుపడును. ఇంకొక చిక్కు సిలికానుది కాదు, మన కట్టడముది. 1945 లో వాన్ నోయిమన్ వ్రాసిన నివేదిక ననుసరించి లెక్కచేయు భాగము నొకచోటను, జ్ఞాపకముంచుకొను భాగము నొకచోటను నిలిపితిమి. ఆ రెంటినడుమ అంకెలను మోయుటకే యంత్రము తన శక్తిలో గొప్పభాగమును వ్యయపఱచుచున్నది. మనుష్యుని మెదడు ఇరువది వాట్లతో, ఒక చిన్న దీపపు ఖర్చుతో, సంసారము నడుపుకొనుచున్నది. కృత్రిమమేధ పేరిట నేడు కట్టుచున్న గణకశాలలు పట్టణములు పట్టణములే వాడునంత విద్యుత్తును గోరుచున్నవి. ప్రత్యామ్నాయముల యన్వేషణము పండితుల వినోదము గాక విద్యుత్తు బిల్లులకు సంబంధించిన విషయమైనది.

సిలికానును గద్దె దింపుదుమని బయలుదేరినవారు నేటివారే కారు. ఐ.బి.యమ్. సంస్థ అతివాహకములతో, జోసెఫ్‌సన్ సంధులనబడు వానితో, గణకయంత్రము నిర్మింపబూని పదేండ్లకు పైగా ప్రయాసపడినది. ఆ యంత్రము ద్రవహీలియములో, సున్నకు 269 డిగ్రీలు దిగువను, మునిగి పనిచేయవలసియుండెను. వేగమున కేమియు లోపము లేదు. కాని దానికి దగిన జ్ఞాపకభాగమును గుదుర్చుకొనులోపలనే సిలికాను ముందుకు సాగిపోయెను. 1983 లో ఆ ప్రయత్నమును మానుకొనిరి. తరువాత సీమూర్ క్రే. ఆ కాలమున ప్రపంచములోని వేగవంతములగు గణకయంత్రములకు ఆయన పేరే పేరు. ఆయన గాలియం ఆర్సెనైడును నమ్మెను. అందు విద్యుత్కణములు సిలికానులో కంటె ఆఱురెట్లు చురుకు. క్రే-3 అను యంత్రమునకు ఆ పదార్థమే మూలాధారము. అది పెళుసు; పైని నిలుచు మంచి పొర లేదు; చేయుటకు వ్యయ మధికము. యంత్రమొక్కటి 1993 లో కొలరాడోలోని వాతావరణ పరిశోధన కేంద్రమునకు జేరెను. 1995 మార్చిలో ఆయన సంస్థ దివాలా తీసెను. వేగము చాలదని కాదు. క్రే వంటి మేధావియే పొర, అతుకు, వెల యను మూడింటియొద్ద ఓడెను.

అంతమాత్రమున గాలియం ఆర్సెనైడు వ్యర్థమైనదా? లేదు. నేడు మన జేబులోని టెలిఫోనులో ఆకాశవాణి తరంగములను బలపఱచి పంపు భాగము తఱచుగా దానితోనే చేయబడుచున్నది. దాని సోదరియైన గాలియం నైట్రైడు టెలిఫోనుల ఛార్జరులలో జొచ్చినది. రాజ్యము దక్కలేదు గాని జాగీరు దక్కినది. రాబోవు ప్రత్యామ్నాయములలో పెక్కింటి గతి యిట్లే యుండునని మా యభిప్రాయము.

ఇప్పటి పోటీదారులలో కర్బనము ముఖ్యము. పరమాణువుల వలను చుట్టచుట్టినట్లుండు కర్బననాళికలను 1991 లో జపానుదేశీయుడగు ఇజిమా లోకమునకు దెలిపెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2013 లో 178 కర్బననాళికా ట్రాన్సిస్టరులతో చిన్న గణకయంత్రమును నిర్మించిరి. 2019 లో మసాచుసెట్స్ సాంకేతికసంస్థవారు 14,000 కు పైబడిన ట్రాన్సిస్టరులతో పదియాఱు బిట్ల యంత్రమును జేసిరి. నాళికలలో కొన్ని అర్ధవాహకములుగా గాక లోహములుగా పుట్టుట వీరిని బాధించుచున్న లోపము. లోహముగా పుట్టినది తలుపులేని ద్వారమువంటిది, మూయుటకు వీలుపడదు. ఆ లోపమును శుద్ధిచేతనే గాక వలయనిర్మాణపు నేర్పుచేతను దాటవచ్చునని 2019 నాటి పని చూపినది. మా దృష్టిలో ఆ ప్రయత్నము యొక్క నిజమైన ఘనత అదియే. కర్బనపు మఱియొక రూపమగు గ్రాఫీను 2004 లో వెలువడి, 2010 లో గైమ్, నోవోసెలోవులకు నోబెల్ బహుమానము దెచ్చిపెట్టెను. పత్రికలన్నియు అది సిలికానును మ్రింగివేయునని వ్రాసినవి. గ్రాఫీనులో విద్యుత్తు పరుగెత్తుట యద్భుతమే గాని దానిని ఆపుట యెట్లు? ఆపలేనిదానితో అవును, కాదు అను రెండు మాటలు పలికించుట కష్టము. ఆ ప్రచారము క్రమముగా చల్లాఱినది.

గ్రాఫీనువలెనే ఒక్క పొరగా నుండి, ఆగుమన్న ఆగు పదార్థములును గలవు. మాలిబ్డినము డైసల్ఫైడు అందు ప్రసిద్ధము. దాని యొక్క పొర మందము నానోమీటరులో మూడింట రెండు వంతులు. అది సహజముగనే అంత పలుచన గనుక సిలికానును బాధించు గఱుకుదనపు పీడ దానికి లేదు. 2025 ఏప్రిలులో చైనాలోని ఫూదాన్ విశ్వవిద్యాలయమువారు ఆ పదార్థముతో 5,900 ట్రాన్సిస్టరులు గల ముప్పదిరెండు బిట్ల యంత్రమును బ్రకటించిరి. అదే యేట జూను నెలలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున సప్తర్షి దాసు నాయకత్వమున నొక బృందము, మాలిబ్డినముతో టంగ్‌స్టను సమ్మేళనమునుగూడ జోడించి, సిలికాను లేని గణకయంత్రమును బ్రకటించెను. దాని వేగము సెకనుకు 25,000 స్పందనములు. మన బల్లమీది యంత్రముల వేగము దానికి లక్షరెట్లు మించును. ఈ యంకె చూచి యెగతాళి చేయరాదు. 1947 నాటి జర్మేనియపు ముక్కను చూచినవారు ఎంతమంది దాని భవిష్యత్తును గ్రహించిరి?

కాంతితో లెక్కలు చేయుదుమను మాట పాతది. కాంతి వేగము గలది, తీగవలె వేడెక్కదు. కాని ఒక కిరణము మఱియొక కిరణమును లక్ష్యపెట్టదు. రెండును ఎదురై ఒండొంటిగుండ దాటిపోవును. స్విచ్చు కావలెనన్న ఒకటి రెండవదానిని ఆపవలెను గదా! పైగా కాంతితరంగము మైక్రోమీటరు పొడవు గలది. దానికి గట్టిన త్రోవలు ట్రాన్సిస్టరుల ముందు రాజమార్గములంత పెద్దవి. చిప్పునుండి చిప్పునకు వార్త మోయుటలో మాత్రము కాంతి నిశ్చయముగా నెగ్గుచున్నది. ఇక జీవకణములలోని డి.ఎన్.ఏ. తో 1994 లో ఏడిల్‌మన్ ఏడు నగరముల దారిలెక్క నొకదానిని సాధించెను. ప్రయోగశాలలో దానికి సుమారు వారము దినములు పట్టెను. ఆ పద్ధతినే రెండువందల నగరములకు వర్తింపజేసినచో గావలసిన డి.ఎన్.ఏ. భూగోళముకంటె బరువగునని మఱుసటియేట హార్ట్‌మానిస్ లెక్కగట్టి చూపెను. ఆ విషయము నంతటితో వదలుదము.

లెక్కయు జ్ఞాపకమును ఒక్కచోటనే చేయు పదార్థములు గలవు. వానిని మెమ్‌రిస్టరు లందురు. 1971 లో చువా ఊహించెను, 2008 లో హ్యూలెట్ ప్యాకర్డు సంస్థవారు చేసి చూపితి మనిరి. బెంగుళూరి భారత విజ్ఞానసంస్థవారు 2024 సెప్టెంబరులో ఈ మార్గముననే రుథీనియము గల అణువుల పొరలో 16,500 వేఱువేఱు విద్యుత్‌స్థితులను నిలుపగలిగిరి. సామాన్య ట్రాన్సిస్టరునకు ఉన్నవి రెండే స్థితులు. విదేశ యంత్రమునకు రంగవల్లులు దీర్చుచున్న మనము మన పొరుగూరి యీ పనిని గూర్చి ఎన్ని సభలు జరిపితిమి?

ఇక క్వాంటము. గొప్ప ప్రశంసయు గొప్ప గందరగోళమును ఇచటనే యున్నవి. ప్రకృతిని అనుకరించి లెక్కింపవలెనన్న ప్రకృతి సూత్రములతోడనే నడచు యంత్రము గావలెనని ఫైన్‌మన్ 1981 లో చెప్పెను. పెద్దసంఖ్యను గుణకములుగా విడదీయుటకు అట్టి యంత్రము మేలని షోర్ 1994 లో నిరూపించెను. నేటి బ్యాంకుల రహస్యములు పెక్కు ఆ లెక్క కష్టమను నమ్మకముమీద నిలిచియున్నవి. గూగులు సంస్థ 2019 లో 53 క్యూబిట్లతో, మహాగణకములకు పదివేల యేండ్లు పట్టులెక్కను రెండువందల సెకనులలో జేసితిమని చాటెను. రెండున్నర దినములు చాలునని ఐ.బి.యమ్. వెంటనే ఆక్షేపించెను. ఈ వాదములకంటె విలువైనది 2024 డిసెంబరులో గూగులువారి విల్లో అను 105 క్యూబిట్ల చిప్పు చూపిన విశేషము. క్యూబిట్లను ఎక్కువగా గుంపుగూర్చిన కొలది తప్పులు హెచ్చుటకు మాఱుగా తగ్గినవి. ఇన్నాళ్లును ఈ శాస్త్రమునకు గొంతులో ముల్లుగా నున్నది ఆ తప్పులే.

కాని సిలికానును దింపి గద్దె నెక్కుటకు క్వాంటము రాలేదు. జీతముల పట్టీ వ్రాయుటకును, రైలు టిక్కెట్టు ఇచ్చుటకును, తెలుగు అచ్చుకూర్చుటకును అది పనికిరాదు. దానికి వచ్చిన విద్యలు కొన్నియే. అణువుల నిర్మాణము, కొన్ని జాతుల గూఢలెక్కలు, కొన్ని పదార్థముల స్వభావము, ఇట్టివి. అతివాహక క్యూబిట్లు పరమశూన్య ఉష్ణమునకు డిగ్రీలో కొన్ని వెయ్యవ వంతులు మాత్రమే యెగువను శీతలించి యుండవలెను. ఆ శీతలయంత్రము వెలుపల నిలిచి దానికి ఆజ్ఞలిచ్చి సమాధానములు చదువునది మఱల సిలికానే. అమరావతికి వచ్చునని చెప్పిన యంత్రము 156 క్యూబిట్ల హెరాన్ చిప్పు గలది. అది మంచి యంత్రమే. దేశమున గల క్వాంటము యంత్రములలో పెద్దదగునని దానిని దెచ్చువారు చెప్పుచున్నారు. కుమారుని చదువును గూర్చి యడుగు తండ్రులకు మా మనవి యేమన, ఆ యంత్రమును జూచి బాలునిచేత భౌతికశాస్త్రమును గణితమును మాన్పించి క్వాంటము పేరుగల ఆఱునెలల తరగతులలో జేర్పింపకుడు.

ఇంతవఱకు విజ్ఞానము. ఇక మన సంగతి. యంత్రమును గొనుటకును విద్యను గడించుటకును గల భేదము ఈ దేశమునకు పలుమాఱులు బోధపడినది. బొంబాయిలోని టాటా పరిశోధనసంస్థవారు టిఫ్రాక్ అను గణకయంత్రమును స్వయముగా నిర్మించి 1960 లో నడిపిరి. 1967 లో హైదరాబాదున ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, మన ఆంధ్రుడగు అయ్యగారి సాంబశివరావుగారి పాలనలో, గణకయంత్రములను దయారుచేసెను. అమెరికా మహాగణకమును నిరాకరింపగా, సి-డాక్ వారు 1991 లో పరమ్ 8000 ను నిర్మించి దేశమునకు తలయెత్తుకొను నవకాశము గల్పించిరి. ఆ పరమ్ లోని చిప్పులు మాత్రము ఇంగ్లండువారి ట్రాన్స్‌ప్యూటరులు. కూర్పు మనది, ముడిసరకు పరులది. మొహాలీలోని చిప్పుల కర్మాగారము 1984 లో పని యారంభించెను. నేడు ప్రపంచమునకు చిప్పులు పోయుచున్న తైవానువారి టి.యస్.యమ్.సి. అప్పటికింకను పుట్టలేదు, అది 1987 నాటిది. 1989 ఫిబ్రవరి 7 వ తేదీని మొహాలీలో అగ్నిప్రమాదము సంభవించి కర్మాగారము దగ్ధమైనది. మంటలకంటె హెచ్చుగా మనలను కాల్చినది దానిని వెంటనే లేవనెత్తవలెనను ఆతురత లేకపోవుట. ఆ యేండ్లలో తైవాను ముందునకు బోయెను. 2025 లో ఇస్రోవారు చూపిన విక్రమ్ 3201 చిప్పు అదే మొహాలీలో, 180 నానోమీటర్ల పద్ధతిలో చేయబడినది. అంతరిక్షనౌకలకు అది చాలును. దానిని జూచి మేము గర్వపడుచున్నాము. అంగడిలో అది ఇరువదియైదేండ్ల వెనుకటి పద్ధతి యనుటయు నిజమే.

కేంద్రప్రభుత్వము 2021 డిసెంబరులో చిప్పుల పరిశ్రమకు 76,000 కోట్ల రూపాయలును, 2023 ఏప్రిలులో జాతీయ క్వాంటము ప్రణాళికకు 6,003 కోట్లకు పైచిలుకును నిర్ణయించినది. మంచిపని. 2025 ఆగస్టులో అనుమతి పొందిన కర్మాగారములలో నొకటి ఆంధ్రప్రదేశమున వెలయనున్నది. అయితే అందు జరుగునది చిప్పును జేయుట కాదు, చేసిన చిప్పును పెట్టెలో బిగించుట. అదియును పనియే, దానిని చులకన చేయము. కాని పేరును సరిగా జెప్పుట మేలు. ఒడిస్సాకు అదేదినమున మంజూరైనది సిలికాను కార్బైడు కర్మాగారము. విద్యుద్వాహనములకు గావలసిన పదార్థమది. సిలికానునకు బదులు వచ్చునవి ఇట్లు ప్రక్కద్వారమున, అంగడి కోరిన పనికై వచ్చును.

బెంగుళూరి విజ్ఞానసంస్థకు జెందిన ముప్పదిమంది శాస్త్రజ్ఞులు గూడి, ఒక్కపొర పదార్థములతో చిప్పులు చేయు విద్యకై అయిదేండ్లకు 500 కోట్ల రూపాయలు గోరుచు ప్రభుత్వమునకు నివేదించినట్లు 2025 ఏప్రిలులో వార్తలు వచ్చినవి. చిప్పుల పరిశ్రమకు బెట్టిన మొత్తములో ఇది నూటయేబదవ వంతుకును రాదు. సిలికాను విషయమున మనము నలువదియేండ్లు వెనుకబడితిమి. ఒక్కపొర పదార్థముల విషయమున ప్రపంచమంతయు ఇంకను అయిదారువేల ట్రాన్సిస్టరుల దశలో, అనగా ఇంటెలువారి 4004 నాటి దశలో, నున్నది. అందఱును నడక నేర్చుకొనుచున్న వేళ మనము గూడ నడక నేర్చుకొనుట సిగ్గుచేటు కాదు. అందఱును పరుగెత్తిన పిదప నేర్చుకొనుటయే దుష్కరము. సిలికానును విడిచి నేరుగా ఆవలిగట్టునకు దుముకుదమని చెప్పువారి మాట నమ్మదగినది కాదు. కర్బననాళికలను గాని మాలిబ్డినపు పొరను గాని పఱచునది సిలికాను పలకమీదనే, చెక్కునది సిలికాను పనిముట్లతోనే. రెండు పనులును ఒకేమాఱు చేయవలసినవే.

ముడిపదార్థముల మాటయు జూడవలెను. ప్రపంచపు గాలియములో నూటికి తొంబదికి పైగా చైనాలో తీయబడుచున్నది. 2023 ఆగస్టునుండి గాలియమును, జర్మేనియమును ప్రభుత్వానుమతి లేక యెగుమతి చేయరాదని ఆ దేశము శాసించెను. 2024 డిసెంబరులో అమెరికాకు బొత్తిగ నిషేధించెను. గాలియము బాక్సైటునుండి అల్యూమినియము దీయునపుడు వెంబడి వచ్చు పదార్థము. బాక్సైటు మన తూర్పుకనుమలలో గలదు. ఆ కొండలమీది గిరిజనుల హక్కులకు భంగము గలుగకుండ దీయుట యెట్లను ప్రశ్నయు అచటనే గలదు. గాలియము పేరు చెప్పి ఆ ప్రశ్నను దాటిపోవుటకు మేము సమ్మతింపము. కాని దేశమున ఇదివఱకే పనిచేయుచున్న అల్యూమినియము కర్మాగారముల ద్రావకములలో వృథాగా బోవు గాలియమును బట్టుకొనుటకు ఏ కొండయు త్రవ్వనక్కఱలేదు.

రాష్ట్రప్రభుత్వమువారిని మేము అడుగదలచినవి పెద్దకోరికలు కావు. అమరావతి యంత్రముమీద ఏడాదికి ఎన్ని గంటలు మన విశ్వవిద్యాలయములకు లభించును, వానిని వాల్తేరు, తిరుపతి, అనంతపురము, నూజివీడులలోని విద్యార్థులకు ఏ పద్ధతిని బంచుదురు? ఆ శీతలయంత్రము చెడినపుడు విప్పి బాగుచేయుట మన యువకులకు నేర్పవలెనని ఒడంబడికలో నున్నదా, లేక తలుపువెలుపల నిలువబెట్టుదురా? పదార్థవిజ్ఞానమునకై ఒక్క విశ్వవిద్యాలయములోనైన ధూళిరహిత ప్రయోగశాల నొకదానిని గట్టించి, దానిని నడుపు పనివాండ్రకు పదేండ్లు స్థిరముగా జీతమిచ్చుటకు సిద్ధముగా నున్నారా? పొర పఱచుట, తీగ యతుకుట, చెడిన ముక్కను వెదకి కారణము పట్టుకొనుట, ఇవి గ్రంథములలో నేర్చు విద్యలు కావు. కంసాలి పనివలె చేతినుండి చేతికి వచ్చునవి. రాబోవు బడ్జెటు సమావేశములలో మన ప్రతినిధులలో నొక్కరైన లేచి ఈ మూడు ప్రశ్నలను అడుగుదురని యెదురుచూచుచున్నాము. ప్రభుత్వమువారు చెప్పు సమాధానమును ఈ పుటలోనే అచ్చువేయుదుము.